పదిమంది కుట్టే క్విల్టు: అమ్మడికి పెద్దమ్మ ఉత్తరం

చి. అమ్మడికి పెద్దమ్మ ఆశీర్వదించి రాసేది.

నిన్న ఫోన్‌లో నీ గొంతు వినగానే తెలిసింది ఎంత టెన్షన్‌లో ఉన్నావో. గుడ్డముక్కలు కలిపి, మధ్యలో దూది పెట్టి కుట్టే ఈ క్విల్టుల సంఘంలో, అదే గిల్డులో, చేరి రెండేళ్లు నిండకముందే, వచ్చే షోలో టికెట్లు అమ్మి లాటరీలో ఇచ్చే ర్యాఫిల్ క్విల్టు పని నీ చేతిలో పెట్టారంటే, వాళ్లకి నీ మీద గట్టి నమ్మకం కుదిరినట్టే. ఇక్కడ ఒహాయోలో మా గిల్డుకి ఇలాంటివి ఐదు దగ్గరుండి చేయించాను. ఫోన్‌లో చెబితే సగం గాలికి పోతుందని రాస్తున్నాను.

ముందు డిజైను సంగతి. నువ్వు పంపిన ఫొటోలో నక్షత్రం చాలా బాగుంది. కానీ అది ఒక మనిషి తీరిగ్గా కూర్చుని కుట్టుకునేది. ముప్పై మంది తలా ఒక చదరం (దాన్నే బ్లాకు అంటాం) ముప్పై మిషన్ల మీద కుట్టేందుకు పనికిరాదు. లెక్క చెబుతాను, చూడు. మన కుట్టు పావు అంగుళం లోపలికి పడాలి కదా. మూడేసి ముక్కల మూడు వరుసలు కలిపిన తొమ్మిది ముక్కల బ్లాకులో అడ్డంగా రెండే కుట్లు. ఒకావిడ కుట్టు అంగుళంలో పదహారో వంతు ఎక్కువ లోపలికి పడిందనుకో. రెండు ముక్కల్లోనూ అంత గుడ్డ పోతుంది కాబట్టి కుట్టుకి ఎనిమిదో వంతు, రెండు కుట్లకి పావు అంగుళం తగ్గుతుంది. అలాంటి బ్లాకులు ఆరు ఒక వరుసలో పడితే అంగుళంన్నర పోయినట్టే. పక్క వరుస సరిగ్గా కుట్టినవాళ్లదైతే ఆ రెండూ ఏం చేసినా కలవవు. ఇక నీ నక్షత్రంలో కుట్లు ఎన్నున్నాయో నువ్వే లెక్కపెట్టుకో.

అందుకని ముక్కలు తక్కువున్న బ్లాకు తీసుకో. గుడ్డ ఎవరింట్లో వాళ్లు కత్తిరించుకోమని వదిలేయకు. ఒక శనివారం కటింగ్ రోజు పెట్టు. కత్తిరించేది ఇద్దరే అవ్వాలి, ఇద్దరూ ఒకే కంపెనీ స్కేలు వాడాలి. స్కేలు మీద గీతల మందం అన్ని కంపెనీలదీ ఒకేలా ఉండదు, చాలామంది ఇది పట్టించుకోరు. బ్యాక్‌గ్రౌండ్ గుడ్డ మొత్తం ఒకే థానులోంచి తీయండి. తెలుపు అంటే ఒక్క తెలుపు కాదు, పక్కపక్కన పెడితే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. గుడ్డ ముందే ఉతకాలా వద్దా అని మీ వాళ్లు గంటసేపు వాదించుకుంటారు. ఏదైనా ఫరవాలేదు, మొత్తం గుడ్డకి ఒకే పద్ధతి పాటించండి చాలు. ఎరుపు, ముదురు నీలం మాత్రం తడిపి తెల్లగుడ్డ మీద రుద్ది చూడకుండా కత్తెర పెట్టొద్దు.

ముక్కలన్నీ మనిషికో కవరులో పెట్టి, ఎప్పటికి తిరిగి ఇవ్వాలో చీటీ మీద రాయి. ఆ కవరులోనే అంగుళంన్నర వెడల్పు పట్టీలు మూడు అదనంగా వెయ్యి. బ్లాకు మొదలుపెట్టే ముందు ఆ మూడింటినీ పక్కపక్కన కలిపి కుట్టి, ఇస్త్రీ చేసి, మధ్య పట్టీని కొలుచుకోమను. సరిగ్గా అంగుళం ఉంటే కుట్టు సరిపోయినట్టు. అంతకంటే తక్కువుంటే కుట్టు ఎక్కువ లోపలికి పడుతోందని తెలుస్తుంది. ఎవరింట్లో వాళ్లే చూసుకుంటారు, పదిమందిలో ఎవరినీ తప్పు పట్టాల్సిన పని ఉండదు.

ఇంత చేసినా బ్లాకులు తేడాగానే వస్తాయి. అసలు నేను ఈ ఉత్తరం మొదలుపెట్టింది ఇది చెప్పడానికే.

నా చేతికి మొదటి క్విల్టు వచ్చిన ఏడాది, మా గిల్డులో ఎనభై దాటిన ఒకావిడ ఉండేది. చేతులు వణికేవి. పన్నెండున్నర అంగుళాలు రావాల్సిన ఆవిడ బ్లాకు ఒక వైపు పన్నెండు, ఇంకో వైపు పన్నెండుంపావు వచ్చింది. ఎవరికీ చెప్పకుండా రాత్రి కూర్చుని కుట్లన్నీ విప్పి మళ్లీ కుట్టేశాను. మంచిపనే చేశాననుకున్నాను. షో రోజున ఆవిడ క్విల్టు ముందు నిలబడి తన బ్లాకు వెతుక్కుంది. వేలితో కుట్టు తడిమి, నా వైపు తిరిగి, "ఇది నేను కుట్టింది కాదు" అంది. కోపంగా అనలేదు. తర్వాత వెళ్లి క్షమించమని అడిగాను, ఫరవాలేదంది. కానీ మరుసటి ఏడు కవరు తీసుకోలేదు, ఆ తర్వాత కూడా తీసుకోలేదు. అప్పటినుంచి నేను ఎవరి బ్లాకూ విప్పలేదు. నువ్వూ విప్పొద్దు.

మరి కలపడం ఎలా అంటావా. ప్రతి బ్లాకు చుట్టూ రెండంగుళాల పట్టీ వేసి, అన్నింటినీ 15 అంగుళాల చదరానికి కత్తిరించు. చిన్న బ్లాకు చుట్టూ పట్టీ కాస్త వెడల్పుగా, పెద్దదాని చుట్టూ కాస్త సన్నగా మిగులుతుంది. పట్టీ, బ్యాక్‌గ్రౌండ్ ఒకే రంగైతే చూసేవాళ్లకి ఆ తేడా తెలియదు. పన్నెండే వచ్చిన బ్లాకైనా, పన్నెండున్నర వచ్చినదైనా, ఎవరి చేతిది వాళ్లదిగానే ఉండి ఇందులో ఇమిడిపోతుంది.

ఎయిడ్స్‌తో పోయినవాళ్ల కోసం కుట్టిన పెద్ద క్విల్టు గురించి నీకు చెప్పానా? 1987 అక్టోబరులో వాషింగ్టన్ నేషనల్ మాల్ మీద మొదటిసారి పరిచినప్పుడు అందులో 1,920 పలకలు ఉన్నాయి. ఒక్కోటి మూడడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు. పోయిన మనిషి చొక్కా పెట్టినవాళ్లున్నారు, ఉత్తరం పెట్టినవాళ్లున్నారు, రంగుతో పేరు రాసినవాళ్లున్నారు. అంతకుముందు సూది పట్టని వాళ్లూ కుట్టారు. ఎనిమిది పలకలు కలిపితే పన్నెండడుగుల చదరం. బయటి కొలత ఒక్కటి గట్టిగా పట్టుకున్నారు కాబట్టే లోపల ఎవరెలా కుట్టినా కలిసింది. నీ 15 అంగుళాలు కూడా అలాగే అనుకో.

మన తెనాలి ఇంట్లో అమ్మమ్మ బొంత కుట్టేటప్పుడు అసలు కొలతే లేదు. ఎండాకాలం అన్నాలయ్యాక పాత చీరలు నాలుగు పొరలు పరిచి, వీధిలో ఆడవాళ్లు తలా ఒక పక్కన కూర్చునేవారు. దబ్బనంలో దారం ఎక్కించి ఇవ్వడం నా పని. ఏ పక్క ఎవరు కుట్టారో బొంత చూస్తే తెలిసేది: ఒకరివి బియ్యపుగింజంత కుట్లు, ఒకరివి వేలెడంత. వేలెడంత కుట్లావిడని అమ్మమ్మ పక్కనే కూర్చోబెట్టుకునేదే తప్ప లేవమని ఎప్పుడూ అనలేదు. ఆ బొంత మా గిల్డులో చూపించిన రోజు అందరూ లేచి దగ్గరకొచ్చి తడిమి చూశారు. మధ్యలో దూది లేదంటే నమ్మలేదు.

నెలవారీ మీటింగులో కొత్తగా ఏం చేయించాలని అడిగావు కదా. కర్ణాటకలో ఆఫ్రికా మూలాలున్న సిద్దీలు కుట్టే కవంది అనే బొంత చేయించు. అంచు నుంచి మొదలుపెట్టి, పాతగుడ్డ ముక్కలు ఒకదాని పక్కన ఒకటి మడిచి కుడుతూ, చుట్టూ తిరిగి మధ్యకి వస్తారు. నాలుగు మూలల్లో మడతపెట్టిన చిన్న ముక్కలు తప్పకుండా పెడతారు, వాటిని ఫూల అంటారు. మిషను అక్కర్లేదు, కొలత అక్కర్లేదు. పావు అంగుళం అంటే భయపడేవాళ్లందరూ ఆ రోజు నవ్వుతూ కుడతారు. చిన్నది, దిండంత, చాలు.

రౌండ్ రాబిన్ మాత్రం ఈ ఏడాదే పెట్టకు. నీ మధ్య బ్లాకు చుట్టూ నెలకొకరు అంచు వేసి పంపుతుంటే బాగానే ఉంటుంది, కానీ ఒక్కరు ఆలస్యం చేసినా మొత్తం ఆగిపోతుంది. దానికి నీకు ఇప్పుడు ఓపిక చాలదు.

దానం క్విల్టులు ఎప్పటిలాగే సాగనివ్వు. ఎవరికి ఇస్తున్నామో వాళ్లని ముందు అడిగి కుట్టాలి. 2003లో మొదలైన క్విల్ట్స్ ఆఫ్ వేలర్ వాళ్లు యుద్ధం చూసొచ్చిన సైనికులకి ఇస్తారు. వాళ్లకి 60 అంగుళాల వెడల్పు, 80 అంగుళాల పొడవు అనుకూలం, వెనక పేరు చీటీ ఉండాలి. జబ్బు పడ్డ పిల్లలకి ఇచ్చే ప్రాజెక్ట్ లైనస్‌కి చిన్నవి సరిపోతాయి, కానీ ఎన్నిసార్లు ఉతికినా తట్టుకోవాలి. పసిపిల్లల వాటికి గుండీలు, పూసలు కుట్టనివ్వకు.

ఇంకో రెండు మాటలు. క్విల్టు పొరలన్నీ కలిపి కుట్టే పెద్ద లాంగ్ ఆర్మ్ మిషన్ ఉన్నావిడ దగ్గర తారీకు ఇప్పుడే అడుగు, షోకి రెండు నెలల ముందు ఎవరికీ ఖాళీ దొరకదు. వెనక గుడ్డ నాలుగు వైపులా నాలుగేసి అంగుళాలు ఎక్కువ ఉంచు. టికెట్లు అచ్చేయించే ముందు ర్యాఫిల్ మీద మీ రాష్ట్రం నియమాలు ఏమిటో కనుక్కో, కొన్నిచోట్ల అనుమతి తీసుకోవాలి. వెనక చీటీ మీద గిల్డు పేరు, సంవత్సరం, బ్లాకులు కుట్టిన ముప్పై మంది పేర్లూ రాయించు, ఒక్కటీ వదలొద్దు.

నీ గిల్డులో చేతులు వణికే పెద్దావిడ ఎవరైనా ఉంటే కవరు నువ్వే ఇంటికి పట్టుకెళ్లి ఇవ్వు. కాసేపు కూర్చో. సూదిలో దారం ఎక్కించాలేమో అడుగు.

కటింగ్ రోజుకి నేను వస్తాను. నా స్కేలు తెస్తున్నాను, ఇంకొకటి అదే కంపెనీది కొని ఉంచు. హాల్లో రెండు ఇస్త్రీపెట్టెలూ ఒకే ప్లగ్గుకి పెట్టకండి, బ్రేకర్ పడిపోతుంది.

ఆశీస్సులతో,
పెద్దమ్మ