హాల్లో పెద్ద ఫిష్ ట్యాంక్.. పాపకు రాత్రి దగ్గు అందుకేనా?

ప్రశ్న: మాది విశాఖపట్నం. ఏడాది క్రితం హాల్లో ఐదడుగుల ఫిష్ ట్యాంక్ పెట్టించాం. పైన మూత లేదు. ఏసీ ఆ గదిలోనే ఉండటంతో రాత్రిళ్లు తలుపులు మూసుకుని అందరం అక్కడే పడుకుంటాం. గదంతా చెమ్మగా ఉంటోంది, ట్యాంక్ వెనక గోడకు నల్లగా బూజు పట్టింది. మా తొమ్మిదేళ్ల పాపకు ఆస్తమా ఉంది. మూడు నెలలుగా తెల్లవారుజామున దగ్గు, పిల్లికూతలు. ట్యాంక్ అమ్మేయమని మా అత్తగారు, వద్దని పాప ఏడుపు. ఏం చేయమంటారు?

– ఒక పాఠకురాలు

డాక్టర్ సలహా: అమ్మేసే ముందు ఒక చిన్న లెక్క చూడండి. రాత్రి అద్దం మీద నీటి మట్టం దగ్గర మార్కర్‌తో గీత గీసి, నీళ్లు కలపకుండా మర్నాడు అదే టైముకు చూడండి. మీ ట్యాంక్ రెండడుగుల వెడల్పు ఉంటే, మట్టం ఒక్క సెంటీమీటరు తగ్గినా సుమారు 9 లీటర్లు ఆవిరైనట్టు. మూసిన గదిలో ఆ తడి ఎక్కడికి పోతుంది? గోడకు, పరుపులకు, దిండ్లకు పడుతుంది. మీ పాపకు ఇబ్బంది చేపలతో కంటే ఈ చెమ్మతోనే కావచ్చు. గాలిలో తేమ 50 శాతం దాటి అలాగే ఉంటే పరుపుల్లో కంటికి కనిపించని డస్ట్ మైట్స్ అనే పురుగులు పెరుగుతాయి. ఆస్తమా పిల్లలకు ఇవీ, బూజూ రెండూ పడవు.

అందుకే ఈ రాత్రి నుంచే పాప పడకను వేరే గదిలోకి మార్చండి. ట్యాంక్ కదపడం కంటే అది సులువు.

తర్వాత ట్యాంక్‌కు గాజు మూత చేయించండి. పైపులకు, గాలికి కాస్త సందు ఉంటే చాలు. ఆవిరి బాగా తగ్గుతుంది. అయితే మూత పెట్టాక ఎండాకాలంలో నీళ్లు వేడెక్కొచ్చు, థర్మామీటర్ మీద ఓ కన్నేసి ఉంచండి. నీళ్లు చల్లబడాలని కొందరు పైన ఫ్యాన్ బిగిస్తారు. నీళ్లు చల్లబడే మాట నిజమే, కానీ ఆ తడంతా మళ్లీ మీ గదిలోకే.

ట్యాంక్‌లో నీళ్లు వేడి చేసే హీటర్ ఉందో లేదో మీరు రాయలేదు. ఉంటే మాత్రం ఏసీని 20 దగ్గర పెట్టకండి. ఏసీ నీళ్లను చల్లబరుస్తుంటే హీటర్ వేడి చేస్తూ కూర్చుంటుంది. గది చల్లగా, నీళ్లు వెచ్చగా ఉంటే ఆవిరి ఇంకా ఎక్కువ. కరెంటు బిల్లు సంగతి చెప్పక్కర్లేదు! 26 దగ్గర పెట్టుకుంటే ఇద్దరికీ సుఖం, మీకూ చేపలకూ.

కిటికీలు తీయమని అందరూ చెబుతారు. హైదరాబాద్ చలికాలంలో అయితే అది మంచి మాటే. విశాఖలో వానాకాలం బయటి గాలే చెమ్మగా ఉంటుంది కాబట్టి అప్పుడు ఏసీలో తేమను లాగేసే డ్రై మోడ్ మేలు. తేమ కొలిచే హైగ్రోమీటర్ ఒకటి కొనండి, ఖరీదేమీ ఉండదు. మన తీరంలో 50కి దించడం కష్టమే, కనీసం 60 దాటకుండా చూడండి.

బూజును పొడిగా గీకితే గదంతా చిమ్ముతుంది. పాప ఇంట్లో లేనప్పుడు, మాస్క్ వేసుకుని, సబ్బునీళ్లతో తడిపి తుడవండి. బ్లీచింగ్ చుక్క ట్యాంక్‌లో పడితే చేపలు చచ్చిపోతాయి, దాని జోలికి వెళ్లకండి. ట్యాంక్‌ను గోడకు జానెడు ఎడంగా పెట్టాల్సింది. ఇప్పుడు జరపాలంటే నీళ్లు తీసేశాకే.

ఇంకో సంగతి, చేపల మేత పొడి. ముఖ్యంగా ఎండబెట్టిన ఎర్ర పురుగుల మేత కొందరికి ఎలర్జీ తెస్తుంది, ఆయాసం కూడా రావచ్చు. మేత వేసే పని పాపదే అయితే కొన్నాళ్లు మాన్పించండి.

ఇవన్నీ చేస్తున్నాం కదా అని పాప ఇన్‌హేలర్ ఆపొద్దు. మూడు నెలలుగా తెల్లవారుజామున దగ్గుతోందంటే ఆస్తమా అదుపులో లేదని అర్థం. ఈ వారమే డాక్టరుకు చూపించి, ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టం లాంటి స్పేసర్‌తో మందు సరిగా పీలుస్తోందో లేదో వాళ్ల ముందే చేయించి చూడండి. మాట్లాడలేనంత ఆయాసం వచ్చినా, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాగుతున్నా, పెదాలు నీలంగా మారినా తెల్లవారే దాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

నాలుగు వారాలు గడిచి, హైగ్రోమీటర్ అంకె తగ్గాక కూడా దగ్గు అలాగే ఉంటే, అప్పుడు డాక్టరును ఎలర్జీ పరీక్షల గురించి అడగండి. ట్యాంక్ ఉంచాలా తీయాలా అన్నది ఆ రిపోర్టులు చూశాక మాట్లాడుకోవచ్చని అత్తగారికి చెప్పండి.