సీసా మూత తీసే ముందు

బంగారు తల్లీ,

ఆశీస్సులు. నువ్వు కేపీవీ పెప్టైడ్ మీద పని మొదలుపెడుతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఎంత గర్వపడ్డానో అంత బెంగా పట్టుకుంది.

అది పేరుకు చిన్నదే. లైసీన్, ప్రోలీన్, వాలీన్ అనే మూడు అమైనో ఆమ్లాల గొలుసు, అంతే. పదమూడు అమైనో ఆమ్లాల ఆల్ఫా ఎంఎస్‌హెచ్ హార్మోనులో చివరి మూడు. పేగు కణాల్లోకి దాన్ని పెప్ట్1 అనే ప్రోటీన్ చేరవేస్తుందని, ఎలుకల పెద్దపేగు వాపు దానితో తగ్గిందని 2008లో వచ్చిన పరిశోధన నువ్వు చదివే ఉంటావు. చదువులో నీకు నేను చెప్పేదేమీ లేదు. నా భయమంతా ఆ పొడి ఉన్న సీసాతోనే.

మన విశాఖలో ఉప్పు డబ్బా మూత మరిచిపోతే చాలు, ఉప్పు చెమ్మగిల్లుతుంది. ఫ్రీజర్‌లోంచి తీసిన సీసా అయితే చెప్పేదేముంది? తేమ చేరనివ్వని డెసికేటర్ డబ్బాలో పెట్టి, గది వేడికి వచ్చాకే మూత తియ్యి. ఎంత తొందరున్నా సరే.

నా దగ్గర పనిచేసిన ఒక అమ్మాయి ఉండేది. ప్రతి ట్యూబు మీదా గుండ్రటి అక్షరాలతో తేదీ రాసేది. తనదీ ఇలాంటి చిన్న పెప్టైడే. ఒక సీసాతో వచ్చిన ఫలితం ఇంకో సీసాతో రాలేదు. కణాలను అనుమానించింది, చివరికి తనను తానే అనుమానించుకుంది. తూచిన బరువంతా పెప్టైడే అనుకోవడం అసలు పొరపాటు. నీ కేపీవీనే చూడు. దాని అణుభారం 342. తయారీలో వాడే ఆమ్లం తాలూకు ట్రైఫ్లోరోఅసిటేట్లు రెండు అంటుకున్న లవణంగా వస్తే 570 అవుతుంది. అంటే పది మిల్లీగ్రాములు తూచితే చేతికొచ్చేది ఆరే. అసిటేట్ లవణమైతే లెక్క మళ్ళీ వేరు. కాగితం మీద స్వచ్ఛత 98 శాతం అని ఉంటుంది గానీ, ఆ అంకె లవణాన్నీ తేమనూ లెక్కలోకి తీసుకోదు. పైగా 280 నానోమీటర్ల కాంతిని ఎంత పీల్చుకుంటుందో కొలిచి సరిచూసుకుందామంటే, టైరోసిన్, ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లాలు లేని పెప్టైడ్ అక్కడ కనబడదు. అమైనో ఆమ్లాల విశ్లేషణ చేయించాల్సిందే. ఈ మాట ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. అందరి ముందూ తిట్లు మాత్రం తిన్నది. పరిశోధనే మానేసి వెళ్ళిపోయింది. అంత శ్రద్ధగల పిల్ల! తలుచుకుంటే ఇప్పటికీ నాకు కోపమే.

ఎండోటాక్సిన్ అనే బ్యాక్టీరియా విషం ఉందేమో పరీక్ష తప్పనిసరి. అది ఏమాత్రం కలిసినా వాపు తగ్గించాల్సిన మందే కణాలను రెచ్చగొడుతుంది. అవే మూడు ఆమ్లాలను వరుస మార్చి కట్టిన పెప్టైడ్‌ను కూడా పక్కన పెట్టి పోల్చు, ఫలితం ఆ వరుస వల్లేనా అన్నది తెలుస్తుంది.

అంతా ఒకేసారి కరిగించి దాచుకోకు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చాక ఊళ్ళో రోజుల తరబడి కరెంటు లేదు. కరిగించినవి పాడవుతాయి, పొడి కాస్త ఓర్చుకుంటుంది. ఏ వారానికి కావలసింది ఆ వారమే కరిగించు. చిన్న చిన్న ట్యూబుల్లో పంచుకో, కరిగినదాన్ని మళ్ళీ గడ్డకట్టించకు.

ఇంకొకటి. పేగు జబ్బుతో బాధపడే మీ మామయ్య ఇంటర్నెట్‌లో చూసి ఆ పొడి కొంచెం తెమ్మని అడుగుతాడు. బతిమాలినా ఇవ్వకు తల్లీ. అది ల్యాబ్ సరుకు, మనుషులకు మందుగా అనుమతి పొందింది కాదు. వాడిని డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళే పూచీ నాది.

సీసాతో వచ్చే కాగితాన్ని ఫోటో తీసి పంపు. ఏ లవణమో, అసలు పెప్టైడ్ ఎంతో ఇద్దరం కలిసి లెక్క వేద్దాం. మధ్యాహ్నం భోజనం మానేస్తున్నావట, అది మాత్రం నేను ఊరుకోను.

మీ పెద్దమ్మ