మనవరాలి బాప్తిస్మం విషయమై సమాధానం

అమ్మగారికి వందనాలు. సికింద్రాబాద్‌లో మీ దగ్గర ఉంటున్న 7 ఏళ్ల మనవరాలు పడుకునే ముందు తనంతట తానే ప్రార్థన చేస్తోందనీ, బాప్తిస్మం కావాలని అడుగుతోందనీ, ఆ సంతోషంలో తొందరపడాలో ఆగాలో తోచడం లేదనీ రాశారు.

ముందు పాప ఏ సంఘంలో పెరుగుతోందో చూడండి. సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘంలో పసిపిల్లలకు బాప్తిస్మం ఇచ్చే ఆచారం ఉంది కనుక, అది ఇదివరకే జరిగి ఉంటే మళ్లీ ఇవ్వరు. కొంత పెద్దయ్యాక బోధ పొంది, బిషప్‌గారి చేతుల మీదుగా కన్ఫర్మేషన్, అంటే తన విశ్వాసాన్ని తానే ఒప్పుకొని స్థిరపరచుకునే సంస్కారం, తీసుకుంటుంది. బాప్టిస్టు సంఘాలలోనైతే విశ్వాసాన్ని స్వయంగా ఒప్పుకున్నవారికే నీటిలో ముంచి ఇస్తారు కాబట్టి, పాస్టరుగారు పాపతో మాట్లాడి చూడాలి. ఏదైనా తల్లిదండ్రులను దాటి నిర్ణయించకండి. నాయనమ్మలకు ఇది కష్టమే.

ఈలోగా మీ వంతు పని చిన్నదేమీ కాదు. తిమోతికి రాసిన రెండవ పత్రిక 1:5లో పౌలు, అతని విశ్వాసం మొదట అవ్వ లోయిలోనూ తల్లి యునీకేలోనూ ఉండినదని గుర్తుచేశాడు. ఇంగ్లీషు మీడియం పిల్ల తెలుగు బైబిల్ చదవలేకపోతోందని దిగులు పడకుండా, 2 వచనాలే ఉన్న 117వ కీర్తనతో మొదలుపెట్టి, తర్వాత 23వ కీర్తనను రోజుకొక వచనం చొప్పున వినిపించండి. బంధువులు వచ్చినప్పుడు ముచ్చటపడి అందరి ముందు నిలబెట్టి ప్రార్థన చేయించడం మాత్రం వద్దు.