చిట్టెలుక గుండెను ఏ ప్రశ్న అడగాలి?

హన్మకొండ

బిడ్డా శ్రావ్యా,

నీ ప్లాన్ చదివిన. లాంగ్ క్యూటీ (దెబ్బ తర్వాత గుండె సర్దుకోవడానికి ఎక్కువ సేపు పట్టే జబ్బు) కోసం హెర్గ్ జన్యువులో మ్యుటేషన్ పెట్టిన చిట్టెలుకలు తెప్పిస్తానన్నవు. ఆర్డర్ ఇయ్యకు. మనిషి గుండె ప్రతి దెబ్బ తర్వాత మళ్లీ సర్దుకునేది ఎక్కువగా ఐకేఆర్ (హెర్గ్ జన్యువుది ఇదే), ఐకేఎస్ అనే పొటాషియం కరెంట్లతోని. ఎదిగిన చిట్టెలుకలో ఆ పని దాదాపుగా వేరే కరెంట్లది. నిమిషానికి 500 నుంచి 700 సార్లు కొట్టుకునే గుండెకు అంత తీరిక ఎక్కడిది? అందుకే హెర్గ్ చెడినా దాని ఈసీజీ మామూలుగానే కనబడొచ్చు. అది చూసి మ్యుటేషన్ వల్ల హాని లేదని రాస్తే పరువు పోయేది నీదే. ఆ ప్రశ్నకు కుందేలు నయం.

సీపీవీటీ తీసుకో. ఆటలోనో, భయంలోనో పిల్లలు ఉన్నట్టుండి కూలిపోయే జబ్బు. దాని మూలం కణం లోపలి కాల్షియం లీకులో ఉంది, ఆ యంత్రాంగం మనకూ ఎలుకకూ ఒక్కటే. ఆర్‌వైఆర్2 అనే, కాల్షియంను వదిలే చానెల్ జన్యువులో మ్యుటేషన్ ఒకే కాపీలో ఉన్న ఎలుకలు చాలు. పోలికకు అదే ఈతలో పుట్టిన మామూలు పిల్లలనే వాడు, బయట కొన్నవాటిని కాదు. వంశం మారితే జబ్బు తీవ్రతే మారుతది: ఒకే సోడియం చానెల్ మ్యుటేషన్ 129పీ2 వంశంలో గట్టిగా, ఎఫ్‌వీబీలో మెత్తగా కనబడింది.

రెచ్చగొట్టే పరీక్షకు అడ్రినలిన్ కిలోకు 2 మిల్లీగ్రాములు, కెఫీన్ 120, రెండూ నోటి ద్వారా కాదు, సూదితో పొట్ట కుహరంలోకి. ఎలుక 25 గ్రాములైతే అడ్రినలిన్ 0.05 మిల్లీగ్రాములు, కెఫీన్ 3. ఒక మిల్లీగ్రాము ఆంప్యూల్‌ను సెలైన్‌తో 5 మిల్లీలీటర్లు చేసి 0.25 మిల్లీలీటర్లు ఎక్కించు. ఏ రోజుది ఆ రోజే కలుపు, గులాబి రంగు తిరిగితే పారబొయ్యి. ముందు 5 నిమిషాలు, తర్వాత 30 నిమిషాలు ఈసీజీ రికార్డు చెయ్యి. క్యూఆర్‌ఎస్ (ఈసీజీలో గుండె కింది గదుల దెబ్బను చూపే కోసు గీత) ఒకసారి పైకి, ఒకసారి కిందికి వస్తే అదే నువ్వు వెతికే లయ. విడి ఎక్టోపిక్ (లయ తప్పి మధ్యలో వచ్చే) దెబ్బలను దాంట్ల కలిపి లెక్కించకు. లెక్కపెట్టేవాళ్లకు ఏది ఏ ఎలుకో తెల్వొద్దు.

మత్తుకు కెటమైన్-జైలజీన్ వద్దు, గుండె నెమ్మదిస్తది. ఐసోఫ్లురేన్ 1 నుంచి 1.5 శాతం మీద ఉంచు. ఒంటి వేడి 37 డిగ్రీలు దాటొద్దు, తగ్గొద్దు. చల్లబడితే ఈసీజీలో పీఆర్, క్యూటీ అనే వ్యవధులు రెండూ సాగుతయి. మన వరంగల్ మే నెలలో కరెంటు పోతే ఏసీ, హీటింగ్ ప్యాడ్ రెండూ పోతయి. ప్యాడ్‌ను, రికార్డర్‌ను ఇన్వర్టర్ మీద పెట్టు, పని పొద్దున్నే ముగించు. గది వేడి మారిన రోజు డేటాను వేరుగా గుర్తు పెట్టు.

ఎక్కువమంది బోల్తా పడేది ఈసీజీ సెట్టింగుల్లోనే. ఎలుక క్యూఆర్‌ఎస్ సుమారు 10 మిల్లీసెకన్లు. 250 హెర్ట్జ్‌కు రికార్డు చేస్తే దాంట్ల రెండు మూడు చుక్కలే పడతయి. కనీసం 2 కిలోహెర్ట్జ్ పెట్టు. కరెంటు గోల పోవాలని 50 హెర్ట్జ్ ఫిల్టర్ వేస్తే క్యూఆర్‌ఎస్ ఆకారమే చెడుతది. ముందు ఎర్తింగ్ సరిచెయ్యి, ప్యాడ్ వైరును లీడ్లకు దూరం జరుపు. గుండె వేగాన్ని బట్టి క్యూటీని సవరించేటందుకు మనుషులకు వాడే బజెట్ (Bazett) సూత్రం ఇక్కడ పనికిరాదు. ఆర్‌ఆర్‌ను (ఒక దెబ్బకూ తర్వాతి దెబ్బకూ మధ్య సమయాన్ని) మిల్లీసెకన్లలో తీసుకొని 100తో భాగించి, వర్గమూలం కట్టి, దాంతో క్యూటీని భాగించు.

ఐఏఈసీ (సంస్థలోని జంతు ప్రయోగాల నైతిక కమిటీ) అనుమతికి ఫారం-బీ రాసేటప్పుడు గుంపుకు ఎన్ని ఎలుకలో, ఆ లెక్క ఎట్ల వచ్చిందో చూపించు. పరీక్షలో లయ ఆగకుంటే ఏ నిమిషానికి ప్రాణం తీసెయ్యాలో కూడా రాయి. మీటింగ్‌లో మొదట అడిగేది అదే.

ఇట్లు
మీ పెద్దనాయన