ఆ తొమ్మిది శాతం గురించి, అమ్మడూ

అమ్మడూ,

నీ మెయిల్ అందింది. మీ తాతయ్య డీఎన్ఏ పరీక్ష రిపోర్టూ, ఆ రంగుల మ్యాపూ చూశాను. దక్షిణ భారతం 88 శాతం, ఉత్తర భారతం 9, మధ్య ఆసియా 3. కింద నువ్వు రాసిన ముక్క మాత్రం మూడుసార్లు చదివాను: "చిన్నతాతయ్యా, మనవాళ్ళు కాశీ నుంచే వచ్చారు, ప్రూఫ్ దొరికింది." ఆగస్టులో అందరం కలిసేనాటికి వంశవృక్షం పుస్తకం వేయిస్తానన్నావు. సంతోషం. అచ్చుకిచ్చే ముందు ఈ ఉత్తరం ఒకసారి చదువు.

ముప్పై నాలుగేళ్ళు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో నకళ్ళు రాసినవాణ్ణి. రిటైరయ్యాక కూడా ఊరికే కూర్చోక, ఎవరి ముత్తాతలు ఏ ఊరివాళ్ళో వెతికిపెట్టే పని నెత్తినేసుకున్నాను. ఏ కాగితం చేతికొచ్చినా ఇది ఏం చెప్పగలదు, ఏం చెప్పలేదు అన్నది ముందు చూసుకోవడం అలవాటైపోయింది. నీ రంగుల మ్యాపునీ అలాగే చూశాను.

డల్లాస్‌లో నీ వంటింటి బల్ల దగ్గర మా అన్నయ్యా, అదే మీ తాతయ్యా, నేనూ పరీక్ష కోసం ఆ గొట్టాల్లో ఉమ్మిన రోజు గుర్తుందా? అరగంట ముందు నుంచీ ఏమీ తాగకూడదని నువ్వు మా కాఫీ గ్లాసులు లాక్కెళ్ళావు. డెబ్బై దాటినవాళ్ళకి నోట్లో తడి ఎక్కడిది, గీత దాకా నింపడానికి ఇరవై నిమిషాలు పట్టింది. అంత కష్టపడితే, ఒకే తల్లికీ తండ్రికీ పుట్టిన మాలో మీ తాతయ్యకి ఉత్తర భారతం 9 వచ్చింది, నాకు 4. అందులో తప్పేం లేదు. అమ్మ దగ్గర ఉన్నదాంట్లో సగం, నాన్న దగ్గర ఉన్నదాంట్లో సగం వస్తుంది కానీ, అన్నకి వచ్చిన సగమే తమ్ముడికీ రావాలని లేదు. పేకముక్కలు ప్రతి ఆటకీ కలిపి పంచినట్టే. కానీ ఆ 9 మీద ఆధారపడి చరిత్ర రాస్తే, నా 4 మీద ఇంకో చరిత్ర రాయాలి కదా?

ఆ 9 మీద నొక్కి చూశావా? కింద సన్నక్షరాల్లో "0 నుంచి 14" అని ఉంది. సున్నా కూడా కావచ్చని వాళ్ళే చెప్పుకున్నారు. మనం పెద్ద అంకె చూసి ఆగిపోయాం.

ఇంతకీ ఈ శాతాలు ఎలా తేలుస్తారంటావా? పెళ్ళిలో కొత్తగా కనబడ్డ పిల్లాణ్ణి చూసి ముసలమ్మలు "వీడిది బొబ్బిలివారి పోలిక" అంటారే, అదే పద్ధతి. బొబ్బిలివారు తప్ప ఇంకెవరూ తెలియని ముసలమ్మకి ప్రతి ముక్కూ బొబ్బిలి ముక్కే. కంపెనీ దగ్గర ఉన్నవి కూడా ఇప్పుడు బతికి ఉన్న, తరాలుగా ఒకే ప్రాంతంవాళ్ళమని చెప్పుకున్న మనుషుల నమూనాలు. నీ డీఎన్ఏని ముక్కలు చేసి ఏ ముక్క ఎవరికి దగ్గరగా ఉందో లెక్క కడతారు. అంటే అది ఇవాళ్టి మనుషులతో పోలిక. నీ ముత్తాత ఎక్కడ కాపురం ఉన్నాడన్నది దానికి తెలియదు.

నమూనాలు పెరిగితే జవాబూ మారుతుంది. ఇలాంటి పరీక్షలు చేసే యాన్సెస్ట్రీ కంపెనీ 2018లో తన నమూనాలని 3,000 నుంచి 16,000కి పెంచింది. దాంతో ఎంతోమందికి రాత్రికి రాత్రి దేశాలు మారిపోయాయి. మనిషి మారలేదు, రక్తం మారలేదు. 2019లో కెనడాలో సీబీసీ టీవీవాళ్ళు అచ్చంగా ఒకే పోలికున్న కవల అక్కచెల్లెళ్ళ నమూనాలు అయిదు కంపెనీలకి పంపారు. కంపెనీకో రకం శాతం వచ్చింది. ఇద్దరి డీఎన్ఏ దాదాపు ఒకటే అయినా, ఒకే కంపెనీలో కూడా ఇద్దరికీ అంకెలు కలవలేదు. మీ తాతయ్య మధ్య ఆసియా 3 కూడా వచ్చే ఏడు చూడు, ఉంటుందో ఊడుతుందో. నా రిపోర్టులో మొదట 2 ఉండేది, పోయిన శీతాకాలంలో చెప్పాపెట్టకుండా మాయమైంది. తుర్కీ గుర్రమెక్కి వచ్చిన పూర్వీకుడొకడు ఉన్నాడని అప్పటికే నలుగురికీ చెప్పేశాను, సిగ్గుచేటు.

ఇక నీ లెక్క. ముత్తాత ఒకరి వాటా సగటున పన్నెండున్నర శాతం, ఆయన తండ్రిది ఆరుంబావు. 9 అంటే ఈ రెంటికీ మధ్య, కాబట్టి తాతయ్యకి మూడు నాలుగు తరాల పైన ఎవరో కాశీ నుంచి వచ్చారు అన్నావు. గుణకారం సరిగ్గానే చేశావు, కానీ శాతానికి తేదీ ఉండదు తల్లీ. హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీసీఎంబీవాళ్ళూ అమెరికాలో హార్వర్డ్‌వాళ్ళూ కలిసి 2009లో తేల్చింది ఏమిటంటే, ఈ దేశంలో దాదాపు అందరిలోనూ రెండు పాత పాయలున్నాయి, ఉత్తరపు పాయ ఒకటి, దక్షిణపు పాయ ఒకటి. ఎక్కువ తక్కువలే తేడా. ఆ కలయిక సుమారు 4,200 ఏళ్ళ నుంచి 1,900 ఏళ్ళ కిందటి దాకా సాగిందని 2013లో ఇంకో పరిశోధనలో లెక్కగట్టారు. మీ తాతయ్య 9 ఆ పాత నీళ్ళదే కావచ్చు. కాశీ నుంచి చెంబుతో గంగాజలం పట్టుకొచ్చాడని మన ఇంట్లో చెప్పుకునే కథలో పెద్దాయనది అని చెప్పడానికి అందులో ఏమీ లేదు. కథ అబద్ధమనడం లేదు. పుస్తకంలో "మా ఇంట్లో చెప్పుకునే మాట" అని రాయి, "రుజువు" అని మాత్రం రాయకు.

అయితే ఈ పరీక్ష దండగేనా? కాదు. మ్యాపు మూసేసి పక్కనున్న చుట్టాల జాబితా తెరువు. ఇద్దరు మనుషులు ఎంత డీఎన్ఏ పంచుకుంటున్నారన్నది వాళ్ళు బాగా కొలుస్తారు. తల్లీబిడ్డల్నీ, తోబుట్టువుల్నీ దాదాపు తప్పకుండా పట్టేస్తారు. కొంచెం దూరం వెళ్ళేసరికి మాత్రం మనలాంటి ఇళ్ళలో తిరకాసు. మా నాన్న మా అమ్మకి స్వయానా మేనమామ. అంటే మా నాన్న తండ్రి నాకు తాతా ఆయనే, అమ్మవైపు ముత్తాతా ఆయనే. వంశవృక్షంలో ఒకే మనిషికి రెండు గళ్ళు. ఇలా తరాల తరబడి మేనరికాలు చేసుకున్నవాళ్ళ పిల్లలు ఒకే ముక్కని రెండు మూడు దారుల్లో పంచుకుంటారు. అందుకే కంపెనీ "సెకండ్ కజిన్" అన్న అబ్బాయి తీరా వెతికితే అయిదు తరాల అవతలివాడు అవుతాడు. మొత్తం సెంటీమోర్గాన్లు, అంటే కలిసిన డీఎన్ఏకి వాళ్ళు వేసే కొలత, చూసి మురిసిపోకు. అన్నిటికన్నా పొడుగు ముక్క ఎంతుందో చూడు. చిన్న చిన్న ముక్కల కుప్పయితే దూరపు చుట్టరికమే. రిపోర్టులో నాన్నవైపు గుంపు పేరు (హాప్లోగ్రూప్ అంటారు), ఆ అక్షరమూ అంకే ఉంటుందే, దాంతో గోత్రం తేలుతుందని ఎవరైనా అంటే నవ్వి ఊరుకో.

డర్బన్ నుంచి ఒకాయన నాకు రాస్తుంటాడు. ఆయన ముత్తాత కూలీగా దక్షిణాఫ్రికాలోని నాటాల్ వెళ్ళాడు. 1860 నుంచి 1911 దాకా లక్షన్నరకి పైగా మనదేశపు జనం అలా ఓడలెక్కారు. మద్రాసు నుంచి బయల్దేరిన మొదటి ఓడ ట్రూరో. డీఎన్ఏ ఆయనకి "దక్షిణ భారతం" అంది, అది ఆయనకి అద్దం చూసుకున్నా తెలిసేది. ఓడ జాబితాలో మాత్రం పేరు, తండ్రి పేరు, వయసు, జిల్లా, ఠాణా, ఊరు, ఒంటిమీద మచ్చ కూడా రాసి ఉన్నాయి. ఊరిపేరు దొర గుమాస్తా చేతిలో "చిపురుపిల్లి" అయి కూర్చుంది. నాలుగు రోజులు తల గీరుకుని, పైకి చదివి చూస్తే మన చీపురుపల్లి! పల్లి పిల్లి అయిందన్నమాట. ఆ తర్వాత ఆ ఊళ్ళో అదే ఇంటిపేరున్న ఒక కుర్రాడిచేత పరీక్ష చేయిస్తే ఇద్దరికీ ఒక పొడుగు ముక్క కలిసింది. కాగితం ఊరు చూపించింది, డీఎన్ఏ అవునంది.

నువ్వూ అదే వరసలో వెళ్ళు. మన ఇంట్లో 1898 నాటి అమ్మకం దస్తావేజు ఉంది, ఫోటో తీసి పంపుతున్నాను. అందులో మా ముత్తాతగారి తండ్రి పేరూ, కాపురం ఉన్న ఊరూ, చెక్కుబందీ హద్దుల్లో పక్క పొలం మేనమామగారిదనీ ఉన్నాయి. శ్రీకాకుళం జిల్లా అని వెతికితే ఏమీ దొరకదు, ఆ జిల్లా పుట్టిందే 1950లో. ఆ రోజుల్లో మన ఊరు గంజాం జిల్లా, చికాకోల్ తాలూకా, చికాకోల్ అంటే శ్రీకాకుళమే. పాత శుభలేఖలు, తద్దినాల్లో చెప్పే మూడు తరాల పేర్లు కూడా పోగుచెయ్యి. ఆడవాళ్ళ పుట్టింటి ఇంటిపేర్లు మరీ ముఖ్యం, అవే ముందు పోతాయి.

ఒక జాగ్రత్త. మిగతావాళ్ళ రిపోర్టులు వాళ్ళని అడక్కుండా ఎక్కడా ఎక్కించకు. ఇలాంటి పరీక్షలే చేసే 23అండ్‌మీ కంపెనీలో 2023లో దాదాపు 69 లక్షల మంది వివరాలు దొంగల పాలయ్యాయి, 2025 మార్చిలో ఆ కంపెనీయే దివాలా పిటిషన్ వేసింది. పైగా ఏ ఇంట్లో ఏ గుట్టుందో ఎవరికి తెలుసు, చుట్టాల జాబితా దేన్నీ దాచదు.

అన్నిటికన్నా ముందు రాజాం మామ్మకి ఫోన్ చెయ్యి. మా అక్కకి తొంభై ఒకటో ఏడు, మా అమ్మవైపు పేర్లు ఆవిడకి తప్ప ఎవరికీ తెలియవు. మధ్యాహ్నం పడుకుని నాలుగింటికి లేస్తుంది, అంటే ఇప్పుడు నీకు తెల్లవారుజాము అయిదున్నర. లేవాలి మరి. ఫోను ఎడమ చెవికి పెట్టమని పనమ్మాయికి చెప్పు, కుడిది వినపడదు. వంశవృక్షం అంటూ మొదలెట్టకు, "నాకేం తెలుసే" అని పెట్టేస్తుంది. ఈ ఏడు ఆవకాయ ఎన్ని కాయలకి పెట్టారని అడుగు. మీ చిన్నప్పుడు ఎవరు పెట్టేవారని అడుగు. తర్వాత రికార్డింగ్ నొక్కి, నోరు మూసుకుని విను.

చిన్నతాతయ్య