నమ్మకం అనే మాట దగ్గరే తేడా వస్తోంది

అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. నీ మెయిల్ రెండుసార్లు చదివాను. శిలాజాలు, డీఎన్ఏ, కార్బన్ డేటింగ్ అన్నీ ముందు పెట్టి అర్ధరాత్రి దాకా వాదించావు, నీ స్నేహితురాలు మాత్రం "ఇక చాలు" అని లేచి వెళ్లిపోయింది. "ఇంత చదువుకున్న మనిషి, బైబిల్లో ఉన్నట్టు దేవుడే అన్నీ సృష్టించాడని, భూమి వయసు 6 వేల ఏళ్లే అని ఎలా అనగలదు?" అని నీ బాధ.

ముందు నీ తప్పు ఒకటి దిద్దుతాను, ఏమీ అనుకోకు. కార్బన్ డేటింగ్ సుమారు 50 వేల ఏళ్లు దాటితే పనికిరాదు. భూమి వయసుకు దాన్ని సాక్ష్యంగా తెస్తే, ఆ సంగతి తెలిసినవాళ్లు అక్కడే నిన్ను పట్టేస్తారు. యురేనియం సీసంగా మారే లెక్క వేరు. క్లెయిర్ ప్యాటర్సన్ అనే శాస్త్రవేత్త ఉల్కల్లోని సీసాన్ని కొలిచి 1956లో ప్రచురించిన అంకె 455 కోట్ల ఏళ్లు. ఈనాటికీ దాదాపు అదే నిలిచింది.

అయితే ఈ లెక్క నువ్వు తప్పులేకుండా చెప్పినా ఆమె లేచి వెళ్లిపోయేదే. నేను 30 ఏళ్లు జీవశాస్త్రం పాఠాలు చెప్పాను. కొత్తలో ఒకసారి, ఇలాగే నమ్మే తోటి లెక్కల మాస్టారిని స్టాఫ్ రూమ్‌లో అందరి ముందూ నోరు మూయించాను. గెలిచాననే అనుకున్నాను. ఆ తర్వాత ఆయన నాతో టైమ్‌టేబుల్ గురించి తప్ప ఇంకేమీ మాట్లాడలేదు. ఎక్కడ తేడా వచ్చిందో నాకు అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది.

నీ దృష్టిలో నమ్మకం అంటే ఆధారాన్ని బట్టి వేసుకున్న అంచనా. ఆధారం మారితే అదీ మారాలి. ఆమెకు నమ్మకం అంటే మాట ఇచ్చినవాడి పక్కన నిలబడటం. మన తెలుగులో దీనికి ఎదురుమాటలు రెండున్నాయి చూడు: అపనమ్మకం, నమ్మకద్రోహం. నువ్వు "కాస్త అనుమానించి చూడు" అంటున్నావు. ఆమెకేమో "ద్రోహం చెయ్యి" అన్నట్టు వినపడుతోంది.

2014 ఫిబ్రవరిలో కెంటకీలోని క్రియేషన్ మ్యూజియంలో ఆ మ్యూజియం పెట్టిన సృష్టివాది కెన్ హామ్, టీవీలో సైన్సు చెప్పే బిల్ నై ఈ విషయం మీదే వాదించుకున్నారు. మీ మనసు ఏది మార్చగలదు అని అడిగితే, నై ఒక్క ఆధారం చాలన్నాడు. ఉండాల్సిన రాతి పొర వదిలి వేరే పొరలో ఒక్క శిలాజం దొరికినా చాలట. హామ్ మాత్రం తాను క్రైస్తవుణ్ణనీ, దేవుని వాక్యం నిజం కాదని తనను ఎవరూ ఒప్పించలేరనీ చెప్పాడు. సైన్సువాళ్లు దాన్ని విని మొండితనం అన్నారు. నమ్మేవాళ్లకు అది నిలకడగా కనిపించింది. నై జవాబు వాళ్లకు గాలివాటం మాటలా తోచి ఉంటుంది.

"నువ్వు అప్పుడక్కడ ఉన్నావా?" అని ఆమె అడిగిందనీ, నీకు ఒళ్లు మండిందనీ రాశావు. ఆ ప్రశ్నకు ఒక మూలం ఉంది. బైబిల్లోని యోబు గ్రంథం 38వ అధ్యాయంలో, నేను భూమికి పునాదులు వేసినప్పుడు నువ్వెక్కడున్నావని దేవుడే యోబును అడుగుతాడు. నీకు అది చవకబారు ఎత్తు. ఆమెకు మనిషి తన హద్దు తెలుసుకోవడం. "ఎవరూ చూడని దొంగతనాన్ని పోలీసులు పట్టుకోరా?" అని జవాబు చెప్పు, తప్పు లేదు. ఆ వాక్యం ఎక్కడిదో నీకు తెలుసన్న సంగతి మాత్రం ముందు ఆమెకు తెలియనివ్వు.

వాళ్లకు మన మాటలు ఎలా వినపడతాయో కూడా చూడాలి. "థియరీ వేరు, ప్రాక్టికల్ వేరు" అని మనమే రోజూ అంటాం. ఆ నోటితోనే పరిణామ సిద్ధాంతాన్ని థియరీ అంటే ఊహే అనుకోరా మరి? కోతికీ మనిషికీ మధ్య జీవిదని ఇంగ్లండులో చూపించిన పిల్ట్‌డౌన్ పుర్రె సంగతీ అంతే. 1912లో బయటపెట్టిన ఆ నకిలీ గుట్టు 1953 దాకా రట్టు కాలేదు. రట్టు చేసింది శాస్త్రవేత్తలే కదా అని మనం గర్వపడతాం. 40 ఏళ్లు మోసపోయారు కదా అని వాళ్లంటారు. రెండూ నిజమే. ఆ 40 ఏళ్లను ఒప్పేసుకో, దాచకు.

వాదన వెనక భయం ఒకటి ఉంటుంది, అదే అసలు సంగతి అని నాకు అనిపిస్తుంది. 1925లో టెనెసీలోని డేటన్‌లో, పరిణామం బోధించాడని స్కోప్స్ అనే టీచరును కోర్టుకు లాగారు. ఆయనకు వ్యతిరేకంగా వాదించిన బ్రయన్‌ను చాలామంది మూర్ఖుడిగానే గుర్తుపెట్టుకున్నారు. సృష్టి జరిగిన రోజులు 24 గంటలవే కానక్కర్లేదని ఆ కోర్టులోనే ఒప్పుకున్న మనిషి ఆయన. మనిషి జంతువే అంటే బలహీనుల గతేమిటన్నదే ఆయన దిగులు. అది ఉత్త దిగులు కూడా కాదు, ఆ కేసులోని పాఠ్యపుస్తకంలో పరిణామంతో పాటు "నాసిరకం" మనుషులకు పిల్లలు పుట్టకుండా చూడాలనే యూజెనిక్స్ రాతలూ ఉన్నాయి. నీ స్నేహితురాలు ఎముకల గురించి మాట్లాడుతున్నట్టే ఉంటుంది, లోపల మాత్రం "అయితే నా బతుక్కి విలువ ఎక్కణ్ణుంచి వస్తుంది?" అని అడుగుతూ ఉండొచ్చు. దానికి డీఎన్ఏ జవాబు కాదు.

ఇదంతా విని ఇద్దరూ సమానంగా కరెక్టే అంటున్నానని అనుకోకు. భూమి వయసు సుమారు 454 కోట్ల ఏళ్లు. స్నేహం కోసం అందులో ఒక్క ఏడాది కూడా తగ్గించకు. బిగ్ బ్యాంగ్ ఆలోచనకు ఆద్యుడైన లెమెత్ర్ అనే శాస్త్రవేత్త పాదిరీ అయినా విశ్వం పుట్టుక గురించి చెప్పాడు కదా, నీకేం అడ్డం అని కూడా ఆమెతో అనకు. వేరేవాళ్ల భక్తితో ఆమె భక్తిని తూచినట్టు ఉంటుంది.

ఈసారి కలిసినప్పుడు ముందు ఆమె ఏ రకం నమ్మకస్తురాలో అడుగు. ఆ 6 వేల ఏళ్ల దగ్గర గట్టిగా నిలబడేవాళ్లున్నారు, ఒక్కో రోజంటే ఒక్కో యుగం అనేవాళ్లున్నారు, దేవుడు పరిణామం ద్వారానే సృష్టించాడనేవాళ్లూ ఉన్నారు. ఆమె ఎవరో తెలియకుండానే నువ్వు రాత్రంతా వాదించావు. సైన్సు చెప్పాల్సి వస్తే ఫలితం చెప్పకు, వెతుకులాట చెప్పు. చేపకూ నాలుగుకాళ్ల జంతువుకూ మధ్య జీవి కావాలంటే ఏ వయసు రాళ్లలో చూడాలో ముందే లెక్కవేసుకుని, ఉత్తర కెనడా మంచులో ఏళ్ల తరబడి తిరిగి, 2004లో టిక్టాలిక్‌ను పట్టుకున్నారు. దాని వయసు సుమారు 37.5 కోట్ల ఏళ్లు. ఆమె ఒప్పుకోకపోయినా, నువ్వు ఎందుకు ఒప్పుకున్నావో మాత్రం తెలుస్తుంది.

తను ఆ నమ్మకంలోకి ఎలా వచ్చిందో కూడా అడుగు. చెబుతుంటే మధ్యలో దిద్దకు, నీకది కష్టమని తెలుసు. ఏమందో నాకు రాయి.

పెదనాన్న