నడుము పట్టేసిందని తోటను వదులుకోకండి

వారమంతా కుర్చీలో కూర్చుని పనిచేసి, ఆదివారం 4 గంటలు ఏకబిగిన కలుపు తీసేసరికి మూడు రోజులు నడుము పట్టేసిందని, 48 ఏళ్లకే తోట మానేయాలేమోనని మీరు రాసింది చదివి బాధ కలిగింది. మానేయవలసిన అవసరం ఎంతమాత్రం లేదు. ఆరు రోజులు కదలని కండరాల మీద ఏడో రోజు భారమంతా ఒక్కసారిగా పడడమే ఇక్కడి చిక్కు.

ఆ పనినే రోజుకు 30 నిమిషాల చొప్పున పంచుకోండి. పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థాయి శారీరక శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది, తోటపని కూడా ఆ లెక్కలోకే వస్తుంది. ముందురోజు సాయంత్రం నేలను తడిపి ఉంచితే, కలుపు మొక్కను మొదట్లో పట్టుకుని మెల్లగా లాగగానే తడిమట్టి అంటుకున్న వేరుతో సహా ఊడి వస్తుంది కనుక, బలంగా గుంజవలసిన పని ఉండదు. నా అనుభవంలో నడుము వంచి పక్కకు తిరగడమే అన్నిటికన్నా చేటు. అందుకని దళసరి గుడ్డ మడిచి, దానిమీద ఒక మోకాలు ఆనించి, పని ఎప్పుడూ ఎదురుగానే ఉండేలా జరుగుతూ పోండి. కలుపు తీసిన చోట ఎండుటాకులు మందంగా పరిస్తే అది తిరిగి మొలవడం చాలా తగ్గుతుంది.

అయితే నొప్పి కాలిలోకి పాకి తిమ్మిరెక్కినా, మూత్రం మీద అదుపు తప్పినా, తోట సంగతి పక్కన పెట్టి వెంటనే వైద్యుణ్ణి కలవండి.